నా ఫోనుకొచ్చిన ఆరు సీట్లు

ఇందులో ఎవరి పేర్లూ రాయను. మర్యాద కోసమే అనుకుని మొదలుపెట్టాను. సగం రాశాక అసలు కారణం వేరే ఉందని తెలిసింది. అది చివర్లో చెప్తాను. నా పరువు ఎలాగూ అక్కడిదాకా నిలవదు.

ఇప్పుడు కాలేజీల్లో పాఠాలు చెబుతున్న పిల్లలు ఎవరైనా ఇది చదివితే, నీతి కోసం మాత్రం వెతక్కండి. చెప్పడానికి నా దగ్గర లేదు. ఉద్యోగంలో ముప్పై ఏళ్ల పైన గడిపాను. అందులో ఒక్క వారం రోజులు నేను చేసిన పనులు నాకే అర్థం కావు. కాగితం మీద పెడితే ఏమైనా తేలుతుందేమోనని ఆశ.

నేను లెక్కల మేష్టర్ని. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు తీసుకున్నాను. దిగినప్పుడు అద్దె అనేవాణ్ణి, తర్వాత కిరాయి అన్నాను. ఈ ఊరొచ్చి నా భాషలో నేను ఒప్పుకున్న మార్పు అదొక్కటే అని మా ఆవిడ వెక్కిరిస్తుంది. కొన్నాళ్లు కోచింగ్ సెంటర్లో చెప్పి, ఆ తర్వాత ఎల్బీనగర్ దాటాక నాదర్‌గుల్ వైపు ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. అప్పట్లో ఆ దారిన బస్సులో వెళ్తే కిటికీలోంచి పొలాలకన్నా కాలేజీలే ఎక్కువ కనిపించేవి. ప్రతి దానికీ ఒక కమాను, కమాను మీద ఒక దేవుడు. మాది నాలుగంతస్తులు, మూడో అంతస్తుకి ప్లాస్టరింగ్ లేదు. నేను ఇంటిగ్రేషన్ చెబుతుంటే నాదర్‌గుల్ నుంచి లేచిన శిక్షణ విమానం పైన చక్కర్లు కొట్టేది. క్లాసులో ఉన్న పద్నాలుగు మందీ అటే చూసేవారు. నిజం చెప్పొద్దూ, నేనూ చూసేవాణ్ణి.

పద్నాలుగు మంది ఎందుకంటే సీట్లు నిండేవి కావు. కాలేజీలు ఎక్కువైపోయాయి, పిల్లలు చాలడం లేదు. అందుకని మా డైరెక్టరు గారు ఒక నియమం పెట్టారు. ప్రతి లెక్చరరూ వేసవిలో ఐదుగురు విద్యార్థుల్ని తేవాలి. తెస్తేనే కొత్త ఏడాది ఉద్యోగం. ఫిజిక్స్, లెక్కలు, ఇంగ్లీషు, అందరం కరపత్రాల కట్టలు సంకలో పెట్టుకుని ఎండలో కాలనీలు తిరిగేవాళ్లం. అల్మాస్‌గూడలో ఒకావిడ నన్ను వాటర్ ఫిల్టర్లు అమ్మేవాణ్ణనుకుని, "మాకుందండీ" అని తలుపేసింది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను కానీ ఆ రాత్రి అన్నం సహించలేదు.

తెచ్చిన పిల్లలు జారిపోకుండా ఒక కిటుకు ఉండేది. ఎంట్రన్సు ర్యాంకు వచ్చాక పిల్లలు నెట్‌లోకి వెళ్లి తమకు కావలసిన కాలేజీల్ని వరసగా పెట్టుకోవాలి. వెబ్ ఆప్షన్లు అంటారు. పైన ఏది పెడితే, ర్యాంకుకి అందితే అది వస్తుంది. చాలామంది ఇళ్లల్లో కంప్యూటర్ లేదు, తల్లిదండ్రులకి ఆ గొడవ తెలియదు. "మీకెందుకండీ శ్రమ, మేం పెట్టేస్తాం" అని పిల్లల పాస్‌వర్డులు రాయించుకునేవాళ్లం. ఫోన్ నంబరు అడిగిన చోట మా నంబరే ఇచ్చేవాళ్లం, మెసేజీలు మాకే రావాలని. ఆ తర్వాత మా కాలేజీ కోడ్ ఒకటో నంబర్లో కొట్టడమే. అందరూ చేసేవారు, నేనూ చేశాను. తప్పనిపించలేదా అంటే, అనిపించింది. తెల్లారేసరికి పోయేది.

ఆ ఏడాది తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీద ఉంది. వారానికి రెండు బంద్‌లు. నా సంచిలో ఐదు చీటీలు సిద్ధంగా ఉన్నాయి, ఐదుగురివి ఐదు పాస్‌వర్డులు. హమ్మయ్య, ఈ ఏటికి గండం గడిచిందనుకున్నాను. అప్పుడు వచ్చింది ఆరో చీటీ.

అది మా కాలేజీ వాచ్‌మన్ కూతురిది. ఆయనది పక్క ఊరే. కాలేజీ కట్టిన స్థలంలో ఎకరంన్నర ఆయనదే. అమ్మేశాక అదే స్థలానికి కాపలా కుదిరాడు. "గా కంప్యూటర్ ల్యాబున్న కాడ మాకు కందులు పండేటియి సారూ" అని కొత్తగా చేరిన ప్రతి లెక్చరరుకీ చెప్పేవాడు. కూతురు సర్కారు బడిలో, సర్కారు కాలేజీలో చదివింది. నాలుగంకెల ర్యాంకు తెచ్చుకుంది. మా కాలేజీ మొత్తంలో అలాంటి ర్యాంకు మేమెవరం ఎన్నడూ చూడలేదు.

వాచ్‌మన్ చీటీని రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లోంచి తీసి నా చేతిలో పెట్టాడు. "మీరే పెట్టుర్రి సారూ. ఫోన్ నంబర్ గూడ మీదే రాయుండ్రి, నాకు మెసేజ్‌లు సదువరాదు. మన కాలేజే పెట్టుండ్రి. మా భూమిల మా బిడ్డ ఇంజినీరు కావాలె."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "అలాగేనండీ" అన్నాను.

డైరెక్టరు గారికి ఈ సంగతి అప్పటికే తెలుసు. ఆయన సంతోషం పట్టలేకపోయారు. రెండో రోజుకే గేటుకి ఫ్లెక్సీ కట్టించారు. ఆ అమ్మాయి ఫోటో, పెద్ద అక్షరాల్లో ర్యాంకు, "మా కుటుంబంలోని ఆణిముత్యం మా కాలేజీలోనే" అని. సీటు ఇంకా రానే లేదు. వాచ్‌మన్ ఆ ఫ్లెక్సీ కిందే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

మా ఫిజిక్స్ లెక్చరరు ఒకడుండేవాడు. ఎల్బీనగర్ పక్క ఊరి కుర్రాడు, బంద్ అంటే ముందుండేవాడు. నన్ను ఆటపట్టించకపోతే వాడికి టీ దిగేది కాదు. "సార్, తెలంగాణ ఒస్తే మిమ్మల్నెక్కడికీ పోనియ్యం. గీ బోర్డు మీద లెక్కలెవడు తుడుస్తడు?" అనేవాడు. ఆ వారం మాత్రం వాడి మొహంలో నవ్వు లేదు.

"నాకు నాలుగే అయినయి సార్. ఒక్కటి తక్కువ. మీకు ఐదు నిండినయి గదా, గా వాచ్‌మన్ బిడ్డను నా లెక్కల రాయించుండ్రి జర. నౌకరీ పోతే ఇంట్ల మా అవ్వ సంపుతది నన్ను."

"దాందేముందిరా, అలాగే" అన్నాను. ఆ వారమంతా నేను అందరికీ అలాగే అన్నాను. చెడ్డ అలవాటు.

అసలు చిక్కు ఆ అమ్మాయి నుంచి వచ్చింది. వాళ్ల నాన్నకి టిఫిన్ డబ్బా తెచ్చి గేటు గదిలో కూర్చుని ఉంటే నేనే పలకరించాను. "ఏమ్మా, బ్రాంచి ఏది కావాలి?"

"మెకానికల్ సార్" అంది. డబ్బా సర్దుతూ, "సార్, ఇన్‌స్పెక్షన్ ముందటి రోజు మిషన్లు డీసీఎం బండ్లల్ల ఒస్తయి. అయిపోయినంక వాపస్ పోతయి. మరి నడుమ సదువుకునేటోళ్లు ల్యాబ్ ఎట్ల చేస్తరు?" అని అడిగింది.

ఆ పిల్ల పదేళ్లుగా ఆ గేటు గదిలోంచి మా కాలేజీని చూస్తోంది. మా యాజమాన్యానికి ఇంకో రెండు కాలేజీలు ఉండేవి, మూడింటికీ కలిపి యంత్రాలు ఒక్క సెట్టే. ఎక్కడ తనిఖీ ఉంటే అక్కడికి వెళ్లేవి.

"రికార్డు రాస్తారమ్మా" అన్నాను. నా మాట నాకే సిగ్గనిపించింది.

"మీ బిడ్డ యాడ సదువుతుంది సార్?"

మా అమ్మాయి ఊరికి ఆ చివర ఒక పాత కాలేజీలో చదువుతోంది. రెండు బస్సులు మారి వెళ్తుంది. అది చెప్పలేక, విమానమేదో వస్తుంటే పైకి చూశాను.

ఆప్షన్ల ఆఖరి రోజున బంద్ పడింది. కాలేజీ మూత, బస్సుల్లేవు, దిల్‌సుఖ్‌నగర్‌లో నెట్ సెంటర్ల షట్టర్లన్నీ కిందకి దిగి ఉన్నాయి. రోజూ తొక్కుకుంటూ నడిచే ఆ రోడ్డు మీద ఆ వేళ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఫిజిక్స్ కుర్రాడు ఫోన్ చేశాడు. "ఎల్బీనగర్‌ల మా దోస్తు నెట్ సెంటర్ ఉంది సార్. ఎనక తలుపు తీసి పెడ్తడు, నడుసుకుంట రాండ్రి." ఆరు చీటీలు చొక్కా జేబులో పెట్టుకుని బయల్దేరాను. మా ఆవిడ, "నోరెత్తకుండా వెళ్లిరండి, మీ యాస వింటే గొడవ" అంది.

ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. పొయ్యిలు, గుండిగలు, టార్పాలిన్లు, డప్పులు. హైవే మీద వందలమంది బంతులుగా కూర్చుని తింటున్నారు. మా ఫిజిక్స్ కుర్రాడు చేతిలో గరిటెతో కనిపించాడు. నేను వద్దంటున్నా లాగి కూర్చోబెట్టి పులిహోర వడ్డించాడు. పక్కనున్న ఒకాయన, "ఏ ఊరు సార్ మీది?" అన్నాడు. మా ఆవిడ మాట గుర్తొచ్చి నేను ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కుర్రాడే, "మా లెక్కల సార్. ఆంధ్రాయనే గని మనోడే, తిననియ్యి" అన్నాడు. ఆయన నా విస్తట్లో ఇంకో గరిటె వేయించాడు.

అంత ఎండలో, నడిరోడ్డు మీద, ఎవరి కోసం జరుగుతున్న పోరాటంలో ఎవరు తింటున్నారో తెలియక నేను పులిహోర తిన్నాను. బాగుంది కూడా.

నెట్ సెంటర్లో ఐదు చీటీలూ పావుగంటలో అయిపోయాయి. ఒకటో నంబరు మా కాలేజీ, రెండు, మూడు మా యాజమాన్యానివే. సేవ్. మళ్లీ ఒకటో నంబరు మా కాలేజీ. సేవ్. చెయ్యి దానంతటదే కొట్టుకుంటూ పోయింది. ఒకబ్బాయి పాస్‌వర్డు వాళ్లమ్మ పేరు, పక్కన ఒకటి రెండు మూడు. బడుద్ధాయి, ఇంత తేలిక పాస్‌వర్డు ఎవరైనా పెట్టుకుంటారా అనుకున్నాను. వాడి పని కూడా చేసేశాను.

ఆరో చీటీ తీశాను. బయట డప్పులు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదని యజమాని తొందరపెడుతున్నాడు. ఒకటో నంబర్లో విశ్వవిద్యాలయం వాళ్ల కాలేజీ కొట్టాను. రెండో నంబర్లో మాది. సేవ్ నొక్కి బయటికొచ్చాను.

ఎందుకు కొట్టానో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్నా? మా అమ్మాయా? ఆ పులిహోరా? ఒక్కో రోజు ఒక్కో కారణం నిజమనిపిస్తుంది. మంచితనం అని మాత్రం అనకండి. మంచితనమైతే మిగతా ఐదు చీటీలప్పుడు అదెక్కడికి పోయింది?

తొందరలో జరిగిన పొరపాటని సరిపెట్టుకుందామన్నా వీల్లేకుండా పోయింది. బంద్ మూలంగా గడువు రెండు రోజులు పెంచారని మర్నాడు పేపర్లో వేశారు. కాలేజీకి వెళ్లి కంప్యూటర్ ల్యాబులో, అదే, పాత కంది చేలో కూర్చుని ఆరుగురి పేజీలూ ఒక్కొక్కటే తెరిచాను. వాచ్‌మన్‌కి ఇచ్చిన మాట గుర్తుంది. ఫిజిక్స్ కుర్రాడికి ఇచ్చిన మాటా గుర్తుంది. ఆ ఐదుగురి ర్యాంకులకి ఏ కాలేజీలు అందుతాయో లెక్కల మేష్టర్ని, నాకు తెలియకేం? మాకన్నా నయమైనవి కనీసం నలుగురికి వచ్చేవి. ఆరు పేజీలూ తెరిచాను, మూశాను. ఒక్కటీ మార్చలేదు. రెండో రోజూ అంతే.

సీట్లు ఇచ్చిన రోజు స్టాఫ్‌రూములో ఉన్నాను. నా ఫోను వరసగా ఆరుసార్లు మోగింది. ఐదు మాకు. ఒకటి విశ్వవిద్యాలయానికి.

డైరెక్టరు గారు పిలిపించారు. "ఏంటి మాస్టారూ ఇది?"

"నెట్ స్లోగా ఉందండీ. ఒకటీ రెండూ తారుమారయ్యాయి."

"లెక్కలు చెప్పే మనిషికి ఒకటేదో రెండేదో తెలియదా?" అన్నారు. లిస్టు తీసి నా పేరెదురుగా చూశారు. "ఐదుగుర్ని తెచ్చారు కాబట్టి బతికిపోయారు, వెళ్లండి."

చూశారా, ఆ ఐదుగురే నా ఉద్యోగం నిలబెట్టారు. ఫిజిక్స్ కుర్రాడికి నాలుగు నాలుగే మిగిలాయి. కొత్త ఏడాది వాణ్ణి రానివ్వలేదు. "పోనియ్యి సార్, ట్యూషన్లు చెప్పుకుంట" అన్నాడు. నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఫ్లెక్సీని ఆ సాయంత్రమే పీకేశారు. మూడో అంతస్తు ప్లాస్టరింగ్ కోసం పోయించిన ఇసక కుప్ప మీద వాన పడకుండా కప్పారు. ఆ పిల్ల మొహం ఇసకలోకి ఉంది. వాచ్‌మన్ అటు చూడకుండా కుర్చీ తిప్పి వేసుకున్నాడు.

ఆ అమ్మాయి ఒకసారి వచ్చింది, తెలిసినవాళ్లు ఇచ్చే కాండక్టు సర్టిఫికెట్ మీద సంతకం కోసం. సంతోషిస్తుందనుకున్నాను. "నన్నడగకపోతిరి గద సార్" అంది.

"అడిగితే ఏం పెట్టమనేదానివమ్మా?"

"గదే పెడ్తుంటి. కని నేను పెట్టుకున్నట్టుంటుండె."

మా నాయినను నేనే ఒప్పించుకుందును అని కూడా అంది. సంతకం పెట్టి ఇచ్చాను. నమస్తే పెట్టి వెళ్లిపోయింది, మర్యాదగానే.

వాచ్‌మన్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. గేటు తీసేవాడు, లేచి నిలబడేవాడు కాదు. ఒక మధ్యాహ్నం నేనే దగ్గరకెళ్లి నిలబడ్డాను. తిడితే పడదామని సిద్ధపడ్డాను. ఆయన తిట్టలేదు.

"ఒక్క ముచ్చట అడుగుత సారూ, కోపం జేయొద్దు. ఈ కాలేజి నా బిడ్డకు మంచిగుండదని మీకనిపించింది. గందుకే ఆడ ఏసిండ్రు. నాకు బాధయింది, గని మంచిదే. సదువు ఆమెది, నేను ఒప్పుకుంట. మరి గా ఐదుగురు పోరగాండ్లను గీడ్నే ఎందుకేసిండ్రు? ఆళ్లకు నాయినలు లేరా?"

"వాళ్ల ర్యాంకులు వేరండీ" అన్నాను.

"ఇంతకంటె జర మంచిది ఒక్కటి గూడ దొర్కకపోవునా?"

దొరికేది. ఆ ముక్క ఆయనకి చెప్పలేదు. గంట కొట్టారు, క్లాసుందని లోపలికి వెళ్లిపోయాను. ఆ రోజు బోర్డు మీద ఏం రాశానో నాకు గుర్తు లేదు.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే. రాష్ట్రం వచ్చింది. సీట్లు ఇంకా తగ్గాయి, తనిఖీల్లో ల్యాబులు ఏవని గట్టిగా అడగడం మొదలైంది, ఒక్కో కాలేజీ మూతబడింది. మాదీ మూతబడింది. ఆ కమాను ఇప్పుడూ ఉంది, దేవుడూ ఉన్నాడు, లోపల మాత్రం ఫంక్షన్ హాలు. మూడో అంతస్తుకి ప్లాస్టరింగ్ కూడా అయింది, పెళ్లివారికి ఏసీ గదులు. నేను రిటైరయ్యాను.

ఆ ఐదుగురిలో ఒకడు దిల్‌సుఖ్‌నగర్‌లో మొబైల్ షాపులో పనిచేస్తున్నాడు. నన్ను చూడగానే, "సార్, మీ వల్లనే ఇంజనీరింగ్ చేసిన" అని కుర్చీ వేస్తాడు, టీ తెప్పిస్తాడు. వెటకారమా అని వాడి మొహం ఎంత వెతికినా కనపడదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇప్పుడు ఆ షాపు ముందు నుంచి వెళ్లకుండా ఎదురు వైపు ఫుట్‌పాత్ మీద నడుస్తున్నాను. ఒకడు పరీక్షలు తప్పి తప్పి మానేశాడట. ఒకడికి అమీర్‌పేటలో ఇంకో కంప్యూటర్ కోర్సు చేశాక ఉద్యోగం వచ్చింది. ఒకమ్మాయి బ్యాంకు పరీక్షలు రాసి క్లర్కయింది. వాచ్‌మన్ కూతురు ఇంజనీరయింది. ఎక్కడ చేస్తోందో వాళ్ల నాన్న చెప్పాడు కానీ, అందులో నా గొప్ప ఏమీ లేదు కాబట్టి రాయడం లేదు. ఆ పిల్ల ఎలాగైనా అయ్యేదే.

మొన్న చుట్టాల పెళ్లికి ఆ ఫంక్షన్ హాలుకే వెళ్లాల్సొచ్చింది. గేటు దగ్గర ఆయనే. జుట్టంతా నెరిసింది, యూనిఫాం రంగు మారింది, కుర్చీ మారలేదు. కూతురు పని మానమంటోందట. "మా భూమి సారూ, యాడికి పోత?" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆయనకి నా మీద కోపం ఎప్పుడో పోయింది. అందుకే అంత మామూలుగా అడిగాడు.

"మీ ఐదుగురు ఎట్లున్నరు సారూ?"

వేళ్లు మడుస్తూ ఒక్కొక్కరి సంగతీ చెప్పాను. మొబైల్ షాపు. మానేసినవాడు. అమీర్‌పేట. బ్యాంకు. ఆయన శ్రద్ధగా వింటున్నాడు. చిటికెన వేలు దగ్గర ఆగిపోయాను.

"ఐదో పోరడు?"

గేటులోకి పెళ్లివారి బస్సొచ్చింది, ఆయన లేచి వెళ్లాడు. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఇంటికొచ్చి పాత డైరీలు తిరగేశాను. ఫిజిక్స్ కుర్రాడికి ఫోన్ చేసి అడిగాను, వాడికీ తెలియదు. ఆ ఐదోవాడు మా కాలేజీలో చేరాడు, నా క్లాసులోనే కూర్చున్నాడు, పద్నాలుగు మందిలో ఒకడిగా ఆ విమానాన్ని చూశాడు. ఎప్పుడు రావడం మానేశాడో నేను గమనించలేదు.

వాడి పాస్‌వర్డు మాత్రం నాకిప్పటికీ నోటికొచ్చు. వాళ్లమ్మ పేరు, పక్కన ఒకటి రెండు మూడు. వాడి పేరే ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. వాడి పేరు రాయలేనివాణ్ణి మిగతా వాళ్ల పేర్లు మాత్రం ఏ మొహంతో రాయను?